తెలిసిన రెండింటితో తెలియని ఒకటి

నాలుగు పొరలు, మూడు జంక్షన్లు, మూడు కాళ్లు. థైరిస్టర్ గురించి డిప్లమాలోనో బీటెక్‌లోనో చదివినవాళ్లను అడిగితే ఈ మాట తడుముకోకుండా వస్తుంది. గ్రాఫు కూడా గీసి చూపిస్తారు. అదే మనిషి చేతిలో బీటీ151 అనే థైరిస్టర్ ఒకటి పెట్టి, ఇది బాగుందో పోయిందో చెప్పమంటే చాలాసార్లు మాట ఆగిపోతుంది. తప్పు వాళ్లది కాదు. నాలుగు పొరల బొమ్మను చూసి దాని నడక ఊహించడం ఎవరికైనా కష్టమే.

అందుకని ఈ అధ్యాయంలో ఒకే ఒక్క పద్ధతి చెబుతాను. కొత్త పరికరం అంతుపట్టనప్పుడు నిర్వచనాన్ని మళ్లీ మళ్లీ చదువుతూ కూర్చోకండి. మీకు ముందే తెలిసిన భాగాలతో దానికి ఒక నకలు కట్టండి. నకలు ఎక్కడ అసలులా ప్రవర్తిస్తుందో అక్కడ మీకు అర్థం దొరుకుతుంది. ఎక్కడ ప్రవర్తించదో అక్కడ ఇంకా ఎక్కువ దొరుకుతుంది. థైరిస్టర్‌కు ఇది అచ్చంగా సరిపోతుంది. ఎందుకంటే రెండు మామూలు ట్రాన్సిస్టర్లతో దాన్ని పావుగంటలో కట్టేయొచ్చు.

ఈ దారి వేసినవాళ్లు వేరే ఉన్నారు. బెల్ ల్యాబ్స్‌కు చెందిన జె.జె. ఎబర్స్ 1952లోనే నాలుగు పొరల నిర్మాణాన్ని రెండు ట్రాన్సిస్టర్ల జంటగా చూపిస్తూ పత్రం రాశాడు. 1956లో అదే సంస్థ నుంచి మోల్, టానెన్‌బామ్, గోల్డీ, హొలోన్యాక్ సిలికాన్ స్విచ్ గురించి రాశారు. 1957లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో గోర్డన్ హాల్ ఎస్‌సీఆర్‌ను చేసి చూపించాడు. మనం ఈరోజు థైరిస్టర్ అని ఎక్కువగా పిలిచేది ఈ ఎస్‌సీఆర్‌నే. వరస గమనించండి: అంగట్లోకి వస్తువు రాకముందే కాగితం మీద దాని నకలు ఉంది.

కోసి చూడటం

కాగితం మీద పీ, ఎన్, పీ, ఎన్ అని నాలుగు గళ్లు ఒకదాని కింద ఒకటి గీయండి. పై గడి యానోడ్, అట్టడుగు గడి కాథోడ్. కింది నుంచి రెండో గడికి గేటు తగిలించండి. ఇప్పుడు మధ్యలోని రెండు గళ్లనూ నిలువుగా సగానికి కోయండి. పై మూడు గళ్లు ఒక పక్కకు జరిగితే పీఎన్‌పీ ట్రాన్సిస్టర్. కింది మూడు గళ్లు ఇంకో పక్కకు జరిగితే ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్. మధ్య గళ్లు రెండూ ఇద్దరికీ ఉమ్మడి కాబట్టి, కోసిన చోట వైరుతో మళ్లీ కలపాలి. అంటే పీఎన్‌పీ బేస్ ఎన్‌పీఎన్ కలెక్టర్‌కు, పీఎన్‌పీ కలెక్టర్ ఎన్‌పీఎన్ బేస్‌కు. అంతే, సర్క్యూట్ పూర్తయింది. పైన పీఎన్‌పీ ఎమిటర్ యానోడ్ అవుతుంది, కింద ఎన్‌పీఎన్ ఎమిటర్ కాథోడ్ అవుతుంది, ఎన్‌పీఎన్ బేస్ గేటు అవుతుంది.

కావలసినవి తక్కువ: ఒక బీసీ547, ఒక బీసీ557, ఒక ఎర్ర ఎల్‌ఈడీ, 9 వోల్టుల బ్యాటరీ, 470 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, 10 కిలోఓమ్‌లవి మూడు, 1 కిలోఓమ్‌వి రెండు, 100 కిలోఓమ్‌ల పాట్ ఒకటి, బ్రెడ్‌బోర్డు, కొన్ని వైరు ముక్కలు. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో ఒక్క దుకాణంలోనే ఇవన్నీ దొరుకుతాయి. ఈ రెండు ట్రాన్సిస్టర్లకూ చదునైన ముఖం మీ వైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్.

బ్యాటరీ ప్లస్ నుంచి 470 ఓమ్‌లు, తర్వాత ఎల్‌ఈడీ, తర్వాత యానోడ్. కాథోడ్ నుంచి బ్యాటరీ మైనస్. రెండు ట్రాన్సిస్టర్లకూ బేస్‌కీ ఎమిటర్‌కీ మధ్య ఒక్కో 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. వీటి అవసరం ఏమిటో కాసేపట్లో మీరే చూస్తారు. మూడో 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఒక కొసను గేటుకు గుచ్చి, రెండో కొసను గాలిలో వదిలేయండి.

బ్యాటరీ తగిలించండి. ఎల్‌ఈడీ వెలగదు. గాలిలో ఉన్న కొసను ఒక్క క్షణం బ్యాటరీ ప్లస్‌కు తాకించి తీసేయండి. ఎల్‌ఈడీ వెలుగుతుంది, మీరు చెయ్యి తీసేసినా వెలుగుతూనే ఉంటుంది. బ్యాటరీ వైరు తీసేదాకా ఆరదు. 1956 పత్రం రాసిన నలుగురిలోని నిక్ హొలోన్యాకే 1962లో కంటికి కనిపించే ఎర్ర వెలుగునిచ్చే ఎల్‌ఈడీని చేశాడు. మీ బోర్డు మీద ఇప్పుడు ఆయన పని రెండు రకాలుగా ఉంది.

ఎందుకు పట్టుకుంది

గేటు ద్వారా వచ్చిన కాస్త కరెంటు ఎన్‌పీఎన్ బేస్‌లోకి వెళ్లింది. అది 10 మైక్రోఆంపులే అనుకోండి. బీటా, అంటే కరెంటు గెయిన్, 200 అయితే ఎన్‌పీఎన్ కలెక్టర్ 2 మిల్లీఆంపులు లాగాలని చూస్తుంది. ఆ కరెంటు ఎక్కడి నుంచి రావాలి? ఎక్కువ భాగం పీఎన్‌పీ బేస్ నుంచే రావాలి. పీఎన్‌పీ బేస్ నుంచి కరెంటు లాగామంటే దాన్ని ఆన్ చేసినట్టే. అది మరో 200 రెట్లు పెంచి తన కలెక్టర్ నుంచి పంపబోతుంది. ఆ కలెక్టర్ ఎక్కడికి కలిసి ఉంది? మళ్లీ ఎన్‌పీఎన్ బేస్‌కే. మీరు ఇచ్చింది 10 మైక్రోఆంపులు, చుట్టు తిరిగి వచ్చేది వందల మిల్లీఆంపులు. నిజంగా అంత రాదు, ఎందుకంటే 470 ఓమ్‌ల రెసిస్టర్ అడ్డుపడుతుంది. కానీ రెండు ట్రాన్సిస్టర్లూ పూర్తిగా తెరుచుకోవడానికి కావలసిన దానికంటే చాలా ఎక్కువే వస్తుంది. ఇక గేటు ఇచ్చినా ఇవ్వకపోయినా ఒకటే. ఒకరి బేస్‌కు ఇంకొకరు కరెంటు అందిస్తున్నారు.

మల్టీమీటరుతో యానోడ్‌కీ కాథోడ్‌కీ మధ్య కొలవండి. సుమారు 0.8, 0.9 వోల్టులు వస్తుంది. ఒక బేస్-ఎమిటర్ జంక్షన్ 0.7, దానిమీద తెరుచుకున్న ట్రాన్సిస్టర్ ఒకటో రెండో పదో వంతులు. అసలు థైరిస్టర్‌లో కూడా మామూలు డయోడ్ కంటే కొంచెం ఎక్కువ వోల్టేజీ పడటానికి కారణం ఇక్కడే కనిపిస్తుంది.

పాఠ్యపుస్తకంలో రెండు ఆల్ఫాల మొత్తం ఒకటికి చేరితే థైరిస్టర్ ఆన్ అవుతుందని ఉంటుంది. దాన్ని చాలామంది కారణం తెలియకుండా కంఠస్థం చేస్తారు. ఆల్ఫా అంటే కలెక్టర్ కరెంటును ఎమిటర్ కరెంటుతో భాగిస్తే వచ్చేది. బీటా అంటే ఆల్ఫాను ఒకటి మైనస్ ఆల్ఫాతో భాగిస్తే వచ్చేది. రెండు బీటాల గుణకారం ఒకటి కంటే ఎక్కువ కావాలని రాసుకుని, బీటాల స్థానంలో ఆల్ఫాలు పెట్టి సులభం చేయండి. రెండు వైపులా ఆల్ఫాల గుణకారం కొట్టుకుపోయి, ఆల్ఫాల మొత్తం ఒకటి కంటే ఎక్కువ అని మిగులుతుంది. పుస్తకం చెప్పినదీ మీ బోర్డు మీద జరిగినదీ ఒకే షరతు. ఈ లెక్క మూడు వరసలే. పెన్ను తీసుకుని చేయండి, చదివి వదిలేయకండి.

మరి బీటాలు అంత పెద్దవైతే, బ్యాటరీ పెట్టగానే జంట తనంతట తానే ఎందుకు ఆన్ కాలేదు? కరెంటు చాలా తక్కువగా ఉన్నప్పుడు సిలికాన్ ట్రాన్సిస్టర్ గెయిన్ పడిపోతుంది, అది ఒక కారణం. మన సర్క్యూట్‌లో ఇంకా బలమైన కారణం ఆ రెండు 10 కిలోఓమ్‌ల రెసిస్టర్లు.

రెండు కరెంట్ల కథ

బేస్-ఎమిటర్ జంక్షన్ తెరుచుకోవాలంటే దాని మీద సుమారు 0.6 వోల్టులు ఉండాలి. అక్కడ 10 కిలోఓమ్‌లు అడ్డంగా ఉంటే, 0.6 వోల్టులు రావడానికి ముందుగా రెసిస్టర్‌లోనే 60 మైక్రోఆంపులు ప్రవహించాలి. అంతకంటే తక్కువ వచ్చిందంతా రెసిస్టర్ గుండా జారిపోతుంది, ట్రాన్సిస్టర్‌కు అందదు. చిన్నాచితకా లీకేజీలు జంటను లేపలేకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు ఇదే లెక్కను అటునుంచి చూడండి. వెలుగుతున్న జంట వెలుగుతూ ఉండాలంటే రెండు రెసిస్టర్లకూ చెరో 60 మైక్రోఆంపులు అందుతూ ఉండాలి. మొత్తం సుమారు 0.12 మిల్లీఆంపు. లోడ్ కరెంటు అంతకంటే కిందికి దిగితే చుట్టు తెగిపోతుంది. డేటాషీటులో హోల్డింగ్ కరెంటు అని రాసేది దీన్నే. ఇది నమ్మడం కాదు, కొలవండి. 470 ఓమ్‌లతో వరసలో 100 కిలోఓమ్‌ల పాట్ పెట్టి, సున్నా దగ్గర ఉంచి, జంటను ఆన్ చేయండి. మెల్లగా తిప్పుతూ పోండి. ఎల్‌ఈడీ సన్నగిల్లుతూ వచ్చి, సుమారు 50 కిలోఓమ్‌ల దగ్గర ఒక్కసారిగా ఆరిపోతుంది. పాట్‌ను వెనక్కి తిప్పండి. రాదు. మళ్లీ గేటు ఇస్తే తప్ప రాదు.

తర్వాత ఆ రెండు 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ల స్థానంలో 1 కిలోఓమ్‌వి పెట్టి ఇదే చేయండి. ఈసారి సుమారు 5 కిలోఓమ్‌ల దగ్గరే ఆరిపోతుంది. హోల్డింగ్ కరెంటు పదింతలు పెరిగి 1.2 మిల్లీఆంపుల దగ్గరకు వచ్చిందన్నమాట. గేటుకు కావలసిన కరెంటు కూడా దాంతోపాటే పెరిగింది. ఈ ఒక్క ప్రయోగం చేస్తే థైరిస్టర్ గురించి సగం తెలిసినట్టే అని నా అభిప్రాయం. సులువుగా లేవాలా, గట్టిగా నిద్రపోవాలా అనే రెండింటి మధ్య రాజీ ఆ రెసిస్టర్ విలువలో ఉంది. అసలు థైరిస్టర్ చేసేవాళ్లు ఈ రెసిస్టర్‌ను సిలికాన్ లోపలే పెడతారు. కాథోడ్ లోహాన్ని అక్కడక్కడా కింది పీ పొరకు నేరుగా తాకించి గేటుకూ కాథోడ్‌కూ మధ్య దారి వదులుతారు. కొన్ని రకాలు గేటుకు 200 మైక్రోఆంపులతో లేస్తే, కొన్నిటికి పదిహేను మిల్లీఆంపులు కావలసి రావడంలో దీని పాత్ర పెద్దది.

డేటాషీటులో హోల్డింగ్ పక్కనే లాచింగ్ కరెంటు అని ఇంకొకటి ఉంటుంది, అది ఎప్పుడూ కొంచెం పెద్దది. కట్టెల పొయ్యి అంటించినవాళ్లకు ఈ తేడా చెప్పనక్కర్లేదు. మంట కట్టెకు పట్టేదాకా ఊదుతూనే ఉండాలి, మధ్యలో ఆపితే పొగే. పట్టాక ఊదుగొట్టం పక్కన పెట్టేసి, ఒకటి రెండు కట్టెలు వెనక్కి లాగినా మంట నిలుస్తుంది. గేటు తీసేసే క్షణానికి లోడ్ కరెంటు చేరి ఉండాల్సిన స్థాయి లాచింగ్. ఆ తర్వాత దిగకూడని స్థాయి హోల్డింగ్. పెద్ద కాయిల్ ఉన్న లోడ్‌లో కరెంటు మెల్లగా పెరుగుతుంది కాబట్టి అక్కడ గేటుకు చాలా పొట్టి పల్స్ ఇస్తే థైరిస్టర్ వెలిగినట్టే వెలిగి ఆరిపోతుంది. మోటారు కంట్రోల్ బోర్డులు బాగుచేసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

పిలవకుండా లేచినప్పుడు

ఇప్పుడు ఆ రెండు రెసిస్టర్లనూ పూర్తిగా పీకేసి, బ్యాటరీ తీసి మళ్లీ పెట్టండి. గేటు ముట్టుకోకుండానే ఎల్‌ఈడీ వెలిగే అవకాశం ఎక్కువ. వెలగకపోతే గేటును వేలితో తాకండి. ట్రాన్సిస్టర్ లోపల కలెక్టర్‌కీ బేస్‌కీ మధ్య కొన్ని పికోఫారడ్ల కెపాసిటన్స్ ఉంటుంది. వోల్టేజీ ఒక్కసారిగా పెరిగితే ఆ కెపాసిటన్స్ గుండా చిన్న కరెంటు దూకుతుంది. అది బేస్‌కే వెళ్తుంది. జారిపోవడానికి రెసిస్టర్ లేదు కాబట్టి అదే గేటు పల్స్ అయిపోతుంది. థైరిస్టర్ డేటాషీటులో మైక్రోసెకనుకు ఇన్ని వోల్టులు అని ఒక పరిమితి ఉండేది ఇందుకే. బీటీ151 షీటులో ఆ విలువను గేటు ఖాళీగా ఉన్నప్పుడు ఒకటిగా, గేటుకీ కాథోడ్‌కీ మధ్య 100 ఓమ్‌లు ఉన్నప్పుడు దానికంటే పెద్దగా ఇస్తారు. మీరు ఇప్పుడు పీకిన రెసిస్టర్ కథే అది. బోర్డుల మీద థైరిస్టర్‌కు అడ్డంగా ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ వరసలో కనిపిస్తాయి. స్నబ్బర్ అంటారు. వోల్టేజీ మరీ నిటారుగా లేవకుండా చూడటం వాటి పని.

ఇదే జంట మనం కోరని చోట కూడా పుడుతుంది. సీమాస్ చిప్‌లో పక్కపక్కనే ఉండే పీ, ఎన్ ప్రాంతాలు అనుకోకుండా నాలుగు పొరలుగా అమరుతాయి. పిన్ మీదికి సరఫరా కంటే ఎక్కువ వోల్టేజీ వస్తే ఆ దొంగ థైరిస్టర్ లేచి, సరఫరాను నేరుగా గ్రౌండ్‌కు కలిపేస్తుంది. చిప్ కాలిపోతుంది, లేదా కరెంటు తీసి పెడితే మళ్లీ పనిచేస్తుంది. ఆఫ్ చేసి ఆన్ చేస్తే బాగైపోయే కొన్ని రిపేర్ల వెనుక ఈ లాచప్ ఉంటుంది.

అసలుది చేతిలోకి తీసుకుంటే

బీటీ151 డేటాషీటు తెరవండి. గేటు కరెంటు గరిష్ఠం 15 మిల్లీఆంపులు, లాచింగ్ గరిష్ఠం 40, హోల్డింగ్ గరిష్ఠం 20. ఇప్పుడు ఇవి మీకు పరిచయమైన అంకెలు. గరిష్ఠం అనే మాటను జాగ్రత్తగా చదవండి. ఏ ముక్క అయినా అంతలోపు లేస్తుందని కంపెనీ ఇచ్చే హామీ అది. మీ చేతిలోది 2 మిల్లీఆంపులకే లేవొచ్చు, కానీ సర్క్యూట్‌ను 15కే కట్టాలి.

మల్టీమీటర్ డయోడ్ రేంజిలో పెట్టి థైరిస్టర్‌ను పరీక్షించి, గేటు తాకించగానే రీడింగ్ వచ్చి, తీసేయగానే పోయిందని మంచి ముక్కను పారేసేవాళ్లు ఉన్నారు. ఆ రేంజిలో మీటర్ ఇచ్చేది సుమారు ఒక మిల్లీఆంపు. హోల్డింగ్ అంతకంటే ఎక్కువ కాబట్టి బీటీ151 నిలబడలేదు. లోపం మీటర్ పరిమితిది. సరైన పరీక్షకు 12 వోల్టుల బ్యాటరీ, బైక్ ఇండికేటర్ బల్బు, 470 ఓమ్‌ల రెసిస్టర్ చాలు. అక్షరాలున్న ముఖం మీ వైపు పెడితే ఎడమ నుంచి కాథోడ్, యానోడ్, గేటు. వెనుక రేకు కూడా యానోడే, దేనికీ తగలనివ్వకండి. బల్బును యానోడ్ వైపు పెట్టి, గేటుకు 470 ఓమ్‌ల గుండా ఒక్క క్షణం ప్లస్ తాకించండి. బల్బు వెలిగి నిలిస్తే ముక్క మంచిది. గేటు ఇవ్వకుండానే వెలిగితే లోపల షార్ట్. గేటు పట్టుకున్నంతసేపే వెలిగితే, వైర్లు వదులుగా లేవని చూసుకుని, ముక్కను పక్కన పెట్టండి.

నకలుకూ అసలుకూ తేడా వచ్చే చోట్లు కూడా తెలియాలి. మొదటిది తిరగబడిన వోల్టేజీ. బ్యాటరీని తలకిందులు చేస్తే మీ జంటలో ఆ రెండు బేస్ రెసిస్టర్ల గుండా కరెంటు కారుతుంది. అవి లేకపోయినా చిన్న ట్రాన్సిస్టర్ల బేస్-ఎమిటర్ జంక్షన్లు ఐదారు వోల్టులకే ఓడిపోతాయి. అసలు ఎస్‌సీఆర్ వందల వోల్టులను రెండు వైపులా ఆపుతుంది. అందుకే జంటను ఏసీ మీద వాడాలంటే వరసలో ఒక 1ఎన్4007 డయోడ్ పెట్టాలి, అదీ తక్కువ వోల్టుల ఏసీ మీదే. ఇంటి 230 వోల్టుల శిఖరం 325 దాకా వెళ్తుంది, బీసీ547 తట్టుకునేది 45. ఈ జంటను ఇంటి కరెంటు దగ్గరికి తీసుకెళ్లకండి. కరెంటు విషయంలోనూ అంతే: లోడ్ కరెంటులో పెద్ద భాగం బేస్‌ల గుండా పోతుంది కాబట్టి కొన్ని పదుల మిల్లీఆంపులు దాటించవద్దు.

రెండో తేడా నాకు చాలా ఇష్టమైనది. మీ జంట వెలుగుతుండగా గేటును కాథోడ్‌కు వైరుతో కలిపేయండి. ఆరిపోతుంది. ఎన్‌పీఎన్ బేస్‌కు అందేదంతా మళ్లిపోయింది కదా. ఇదే పని వెలుగుతున్న బీటీ151కు చేయండి. బల్బు చలించదు. జంటలో బేస్ అంతా ఒక బిందువు. అసలు చిప్‌లో అది ఒక వెడల్పాటి పొర. గేటు తీగ తాకిన మూల దగ్గర కరెంటును లాగేసినా, దూరంగా ఉన్న ప్రాంతం తన దారిన తాను మోస్తూనే ఉంటుంది, మధ్యలో పొర రెసిస్టెన్స్ అడ్డం. దీన్ని దాటడానికే కాథోడ్‌ను సన్నని వేళ్లుగా చీల్చి, ప్రతి వేలి పక్కనా గేటును నడిపించి, గేటుతోనే ఆర్పగల జీటీఓ థైరిస్టర్లు చేశారు. 1990ల మధ్యలో ఏబీబీ నుంచి మన రైల్వేకు వచ్చిన వాప్-5, వాగ్-9 ఇంజన్లు మొదట వీటితోనే నడిచాయి. తర్వాత వీటి స్థానంలో ఐజీబీటీ అనే ట్రాన్సిస్టర్లు వచ్చాయి.

ఆర్పే బాధ ఏసీలో ఉండదు. 12 వోల్టుల ఏసీ ఇచ్చే, పూర్తిగా మూసి ఉన్న అడాప్టర్ దొరికితే బీటీ151 పరీక్షలోని బ్యాటరీ స్థానంలో పెట్టండి. యానోడ్ నుంచి 220 ఓమ్‌లు, ఒక 1ఎన్4007, ఒక పుష్ బటన్ వరసలో గేటుకు కలపండి. బటన్ నొక్కినంతసేపు బల్బు కాస్త తక్కువ వెలుగుతో వెలుగుతుంది, ఎందుకంటే సగం సైకిళ్లే దాటుతున్నాయి. వదలగానే ఆరిపోతుంది. 50 హెర్ట్జ్‌లో ప్రతి 10 మిల్లీసెకన్లకూ కరెంటు సున్నాకు దిగుతుంది. హోల్డింగ్ కిందికి దిగాక పట్టు దానంతటదే వదిలిపోతుంది.

విశాఖపట్నం గాజువాకలో తూర్పు గ్రిడ్‌నూ దక్షిణ గ్రిడ్‌నూ కలిపే 1000 మెగావాట్ల హెచ్‌వీడీసీ స్టేషన్ ఉంది. అక్కడ ఒక గ్రిడ్ ఏసీని థైరిస్టర్లే డీసీగా మార్చి, మళ్లీ థైరిస్టర్లే అవతలి గ్రిడ్‌కు ఏసీగా అందిస్తాయి. గేటు వాటిని లేపగలదు, ఆర్పలేదు. ఆర్పే పని అవతలి గ్రిడ్ వోల్టేజీది. అందుకే ఆ వైపు గ్రిడ్‌లో వోల్టేజీ ఒక్కసారిగా కుంగితే, ఆరాల్సిన థైరిస్టర్ ఆరక, తర్వాతిదానికి కరెంటు అప్పజెప్పలేక కన్వర్టర్ తడబడుతుంది. ఇంజనీర్లు దీన్ని కమ్యుటేషన్ ఫెయిల్యూర్ అంటారు. మీరు పాట్ తిప్పి చూసిన ప్రయోగానికి ఇది తిరగేసిన రూపం: అక్కడ కరెంటు దిగి జంట ఆరింది, ఇక్కడ కరెంటు సమయానికి దిగక ఆరలేదు.